మధుర గద్దెకు వారసుడు మిగిలివుంటే

మధుర నాయక రాజ్యం ఎట్లు పోయినదని అడిగితే మనలో చాలామంది ఇచ్చే జవాబు ఒక్కటే. విజయరంగ చొక్కనాథునికి బిడ్డలు లేరు, రాణి మీనాక్షి చందాసాహెబును నమ్మినది, రాజ్యం పోయినది. ఈ మూడింటిలో దేనినీ కాదనలేము. ఐతే మొదటి మాటను పట్టుకొని మన పెద్దలు నిట్టూర్చుట కలదు. ఆ మహారాజుకు ఒక్క కొడుకైనా మిగిలివుంటే మన సంగతి వేరుగా ఉండేది గదా అని. ఆ నిట్టూర్పులో ఎంత నిజం ఉన్నదో ఈ ఉగాది పూట కాస్త విచారించి చూతము. రాబోయే ఏడాదికి పంచాంగం వినే నాడు, గడిచిపోయిన మూడు వందల ఏండ్లకు కూడ ఒకసారి పంచాంగం విప్పుకొనవచ్చును.

కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాలలో కాపురమున్న మనకు ఇది దూరపు కథ గాదు. విరుదునగరానికి 1923 వరకు విరుదుపట్టి అని పేరు. దానికి ఉత్తరాన మధుర. పడమట శ్రీవిల్లిపుత్తూరు, అది ఆముక్తమాల్యదలోని గోదాదేవి పుట్టిన ఊరు, తిరుమల నాయకుని మహలు ఉన్న ఊరు. కోవిల్‌పట్టికి తూర్పున ఎట్టయాపురం, దానికి ఆవల పాంచాలంకురిచ్చి, దక్షిణాన కయత్తారు. విశ్వనాథ నాయకుడు, అతని దళవాయి అరియనాథ మొదలియారు దేశాన్ని 72 పాళెములుగా పంచి, ఒక్కొక్క పాళెగానికి మధుర కోటలో ఒక్కొక్క బురుజు కాపలా అప్పగించినారని సంప్రదాయం. పంటలో మూడవ వంతు నాయకునికి, మూడవ వంతు సేనకు, మిగిలినది పాళెగానికి అని కూడ చెప్పుదురు. ఆ పాళెములలోనే మనవారి నాగళ్లు ఈ నల్లరేగడిని మొదట దున్నినవి. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైశెవల్ గ్రామస్థుడు, ఇంట తెలుగు మాట్లాడిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామం’ అను నవలలో వ్రాసినది ఈ వలస కథనే.

చిత్రమేమనగా, ఈ రాజ్యం తలయెత్తుటకు ముందే విజయనగరంలో ఒక వారసుడు పోయినాడు. కృష్ణదేవరాయలు తన చిన్న కుమారుడు తిరుమలరాయునికి 1524లో పట్టం గట్టినాడు. ఆ బాలుడు ఆ సంవత్సరమే మరణించినాడు. విషప్రయోగమను అనుమానం తిమ్మరుసు మంత్రి మీదికి పోయి, ఆ వృద్ధుని కన్నులు తీయించినారని పోర్చుగీసు నూనిజ్ వ్రాసినాడు. 1529లో రాయలు పోగా తమ్ముడు అచ్యుతదేవరాయలు గద్దె ఎక్కినాడు. విశ్వనాథుడు మధురలో నిలదొక్కుకొన్నది కూడ సుమారు ఆ ఏడాదియే అని లెక్క. 1542లో అచ్యుతుడు పోయిన పిమ్మట అతని కొడుకు వేంకటరాయని మేనమామ సలకరాజు తిరుమలుడు చంపించినాడు. తరువాత సదాశివరాయల పేరు, అళియ రామరాయల పెత్తనం, 1565లో రాక్షసి తంగడి యుద్ధం మనకు తెలిసినవే. తిరుమలరాయ బాలుడు బ్రతికివుంటే అళియ రామరాయలకు అంత చోటు దొరికేదా అని పలువురు అడిగినారు. అడుగవలసిన ప్రశ్నే. కాని మన దక్షిణాది వారికి ఇంకొక ప్రశ్న కూడ ఉన్నది. రాయల పట్టు సడలకుండ ఉంటే మధుర నాయకులు ఇంత పెద్దవారు అయ్యేవారా? ఒక ఇంట దీపం ఆరితే మరొక ఇంట వెలిగినది. మనం ఆ రెండవ ఇంటి నీడలో వచ్చినవారం.

అదే శతాబ్దిలో పడమటి దేశాల రాజకుటుంబాలకు కూడ ఇదే చింత. ఇంగ్లాండులో ఎనిమిదవ హెన్రీ కొడుకు కోసం ఆరు పెండ్లిండ్లు చేసుకొన్నాడు; పుట్టిన ఎడ్వర్డు పదిహేనేండ్లకే 1553లో పోయినాడు. కూతుండ్రు మేరీ, ఎలిజబెత్తులకు సంతానం లేదు. 1603లో కిరీటం స్కాట్లాండు రాజుకు పోయినది. ఫ్రాన్సు సంగతి ఇంకా వింత. 1559లో రెండవ హెన్రీ పోవునాటికి నలుగురు కొడుకులు. నలుగురు! మన పెద్దలు కోరిన దానికి నాలుగింతలు. వారిలో ముగ్గురు వరుసగా రాజులైనారు, ఒకడు గద్దె ఎక్కకుండానే పోయినాడు, ఎవరికీ వంశం నిలుపు కొడుకు లేడు. 1589లో మూడవ హెన్రీని ఒక సన్యాసి కత్తితో పొడిచి చంపగా, అప్పటికే ఎన్నో ఏండ్లుగా మతకలహాలతో మండుచున్న దేశం దూరపు జ్ఞాతియైన బూర్బను వంశానికి చిక్కినది.

పోర్చుగలు కథకు మన సముద్రతీరంతోనే సంబంధం కలదు. సెబాస్టియన్ అను యువకరాజు పెండ్లికాకుండానే 1578లో మొరాకో యుద్ధంలో కూలినాడు. ముసలి పినతాత రెండేండ్లు ఏలి పోయినాడు. 1580లో స్పెయిను రాజు ఆ గద్దెను కూడ కలుపుకొన్నాడు. స్పెయినుకు డచ్చివారు బద్ధశత్రువులు గనుక, పోర్చుగీసు రేవులన్నీ అప్పటి నుంచి డచ్చివారికి వేట అయినవి. 1640లో పోర్చుగలు మళ్లీ విడివడినా ఆ వేట ఆగలేదు. 1658లో డచ్చివారు తూత్తుక్కుడిని పట్టుకొన్నారు. ఎక్కడి మొరాకో ఇసుక, ఎక్కడి మన ముత్యాల చిప్పల రేవు!

మధుర నాయకులకు మొదటి నూటముప్పది ఏండ్లలో వారసుల కొరత రాలేదు. కొడుకో తమ్ముడో ఉండి వరుస సాగినది. 1623 నుంచి 1659 వరకు ఏలిన తిరుమల నాయకుడు తన అన్న తరువాత వచ్చినవాడే. కొరత మొదట కనబడినది పొరుగింట, అనగా తంజావూరులో. అందుకు కారకుడు మన చొక్కనాథుడే అని చెప్పుటకు నాకు సంకోచం లేదు. తంజావూరు విజయరాఘవ నాయకుని కూతును తనకిమ్మని అడిగి, కాదనిపించుకొని, 1673లో దండెత్తినాడు. ముసలి విజయరాఘవుడు కొడుకుతో సహా యుద్ధంలో పడిపోయినాడు. అంతఃపుర స్త్రీలు తుపాకిమందు పేల్చుకొని ప్రాణాలు విడిచినారు. రంగాజమ్మ కవిత్వం చెప్పిన కొలువు అది, క్షేత్రయ్య పదాలు విన్న కొలువు అది. ఒక్క నాటితో బూడిద.

ఆ బూడిదలో నుంచి ఒక వారసుడు మిగిలినాడు. చెంగమలదాసు అను పసివాని ఒక దాది ఎత్తుకొని నాగపట్టణం పారిపోయినది. ఆ బిడ్డ అక్కడ పెరుగుచుండగా, రాయసం వెంకన్న అను వాడు బిజాపురం సుల్తానును ఆశ్రయించి, శివాజీ తమ్ముడు ఏకోజీని సేనతో రప్పించినాడు. ఏకోజీ బిడ్డను గద్దె ఎక్కించినాడు. 1676 నాటికి గద్దె తానే ఎక్కినాడు. వారసుడు మిగిలినందువలననే మహారాష్ట్రులు తంజావూరుకు వచ్చినారని చెప్పవలసి ఉన్నది. కొడుకు ఉంటే చాలునని నిట్టూర్చువారు ఈ దాది కథను ఒకమారు తలచుకొనుట మంచిది.

మధురలో అసలైన దెబ్బ తగిలినది 1689లో. చొక్కనాథుని కుమారుడు రంగకృష్ణ ముత్తువీరప్ప నాయకుడు 1682లో గద్దెకు వచ్చినాడు. చురుకైనవాడు, సాహసి. ఔరంగజేబు పాదరక్షను ఊరేగించి సామంతులచేత మొక్కించుచుండగా, ఇతడు దానిని తన కాలికి తొడుగుకొని, నీ దొరకు మతి పోయినదా, రెండవ చెప్పు ఏదీ అని అడిగినాడని కథ ఒకటి ఉన్నది. జరిగినదో లేదో గాని, ప్రజలు ఇటువంటి కథను మెత్తనివానిమీద కట్టరు. అట్టివాడు యౌవనంలోనే మశూచి సోకి పోయినాడు. భార్య ముత్తమ్మాళ్ నిండు చూలాలు. సహగమనం చేయబోగా అత్త మంగమ్మ బ్రతిమాలి ఆపినది. మగబిడ్డ పుట్టినాడు. పురుడు తీరకుండానే ఆ తల్లి తన ప్రాణం తానే తీసుకొన్నదని చెప్పుదురు. నెలల బిడ్డకు విజయరంగ చొక్కనాథుడని పేరుపెట్టి పట్టం గట్టి, నాయనమ్మ మంగమ్మ రాజ్యభారం వహించినది.

ఒక్క పసిబిడ్డ మీద వంశమంతా ఆధారపడుట ఫ్రాన్సులో కూడ కొద్ది ఏండ్లకే జరిగినది. పదునాలుగవ లూయీ కొడుకు 1711లో మశూచితో, మనుమడు 1712లో తట్టుతో పోయినారు. మునిమనుమలలో పెద్దవాడూ పోగా, దాది ఒకామె వైద్యులను దగ్గరికి రానీయక దాచుకొన్న రెండేండ్ల బాలుడే పదిహేనవ లూయీగా బ్రతికినాడు. ఆ బాలునికి దాది వంటిది మన విజయరంగునికి మంగమ్మ. ఐతే ఆమె దాచుకొన్నది మనుమనిని మాత్రమే గాదు, రాజ్యాన్ని కూడ. చొక్కనాథుని సేనాని తుపాకుల లింగమ నాయకుని కూతురు ఆమె. మొగలాయి సేనానికి కప్పం చెల్లించి దేశం మీద గుర్రాలు నడువకుండ కాచినది. తిరువాన్కూరు మీదికి సేనను పంపి బాకీ వసూలు చేసినది. బాటలు, చెట్ల వరుసలు, సత్రాలు, కాలువలు ఆమె పేర నిలిచినవి. మన జిల్లాలలో కొన్ని పాత బాటలను ఇప్పటికీ మంగమ్మాళ్ సాలై అనే పిలుచుదురు. పరధ్యానంలో ఎడమచేత తాంబూలం వేసుకొన్న దోషానికి ప్రాయశ్చిత్తంగా ఇవన్నీ చేసినదని కథ. ఎంత చిన్న తప్పుకు ఎంత పెద్ద పుణ్యం! ఆ లెక్కన మన పురపాలక సంఘాల వారు రోజూ ఎడమచేతనే తాంబూలం వేసుకొనుట మేలు.

ఇక్కడ నిట్టూర్పు తిరగబడుచున్నది. రంగకృష్ణుడు మశూచి నుంచి బ్రతికివుంటే ముప్పది ఏండ్లు ఏలేవాడేమో. మంగమ్మ అంతఃపురంలోనే ఉండిపోయేది. ఏ దొరతనంలోనూ దక్షిణాది రైతు ఇంత చల్లగా ఉండలేదని ఊరూర చెప్పుకొనే ఏలుబడి మనకు దక్కేది గాదు. ఆమె చివరి దినాలు మాత్రం కష్టమైనవి. 1706 ప్రాంతంలో మనుమడు పెద్దవాడు కాగా, అధికారం విడువలేదను నెపంతో ఆమెను చెరపెట్టి, కనబడునట్లు అన్నం పెట్టి అందకుండ చేసి చంపినారని జనశ్రుతి. తముక్కం మహలులో, అనగా 1959 నుంచి గాంధీ స్మారక ప్రదర్శనశాల ఉన్న భవనంలో, ఈ మాట తలపుకు వచ్చి కన్ను చెమర్చనివాడు అరుదు.

విజయరంగుడు భక్తుడు, దాత, వచన రచయిత. శ్రీరంగ మాహాత్మ్యం, మాఘ మాహాత్మ్యం తెలుగు వచనంలో వ్రాసినాడు. సముఖం వెంకటకృష్ణప్ప నాయకుడు ఆ కొలువులోని కవి. అహల్యాసంక్రందనం, వచన జైమిని భారతం ఆయనవి. తెలుగు దేశంలో వచనానికి ఇంకా పీట వేయని రోజులలో మధుర, తిరుచిరాపల్లులలో వచనం రాజు పక్కన కూర్చున్నది. రాజుగా ఆయనను మెచ్చుకొనుట కష్టం. క్షేత్రయాత్రలు, దానాలు, మంత్రుల చేతివాటం, ఖాళీ అయిన బొక్కసం. శ్రీరంగ దేవాలయంలో రాణితో సహా చేతులు జోడించి నిలిచిన ఆయన విగ్రహాన్ని మనలో చాలామంది చూచివుందురు. 1732లో ఆయన పోయినాడు, సంతానం లేదు.

రాణి మీనాక్షి గద్దె నెక్కి, విజయకుమారుడను బాలుని దత్తత చేసుకొన్నది. బాలుని తండ్రి బంగారు తిరుమల, తిరుమల నాయకుని తమ్ముని వంశంవాడు. ఈ మాటను గమనింపవలెను. వారసుడు లేడని మనం అనుచున్నాము. వారసుడూ ఉన్నాడు, వారసుని తండ్రీ ఉన్నాడు! తండ్రికి కొడుకు పట్టం చాలలేదు, తనకే కావలెనన్నాడు. 1734లో ఆర్కాటు నవాబు కొడుకు సఫ్దరలీ, అల్లుడు చందాసాహెబు కప్పానికై సేనతో వచ్చినప్పుడు ఉభయపక్షాలూ వారి డేరాకు పరుగెత్తినవి. బంగారు తిరుమల ముప్పది లక్షలు ఒప్పుకొన్నాడట; రాణి కోటి రూపాయలు ఒప్పుకొన్నదట. చందాసాహెబు ఖురాను మీద ప్రమాణం చేసినాడు. పట్టుబట్టలో ఉన్నది ఖురాను గాదు, ఇటుక అని కథ. 1736లో ఆయన మళ్లీ వచ్చి, దిండుగల్లు చెంత బంగారు తిరుమలను ఓడించి శివగంగ సీమకు తరిమి, రాణిని ఆమె మహలులోనే బంధించినాడు. ఆమె విషం త్రాగినది. 1741లో మహారాష్ట్రులు తిరుచిరాపల్లి పట్టుకొని చందాసాహెబును సతారాకు తీసుకొనిపోయినారు గాని, గద్దె మాత్రం మళ్లీ నాయకుల చేతికి నిలకడగా రాలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. 1732లో విజయరంగునికి ఇరువది ఏండ్ల కొడుకు ఉండివుంటే? ఆర్కాటు సేన తప్పక వచ్చేది; అది కప్పం కోసం వచ్చినదే గాని సంతానం లేని ఇల్లు వెదకుకొంటూ రాలేదు. ఐతే కప్పం పుచ్చుకొని పోయేదని నా ఊహ. దీనికి పొరుగు సాక్ష్యం ఉన్నది. అదే 1736లో తంజావూరు మహారాష్ట్ర రాజు తుక్కోజీ పోయి, మూడేండ్లలో గద్దె చేతులు మారి మారి, దొంగ వారసులు కూడ పుట్టుకొని వచ్చినారు. చందాసాహెబు అక్కడా చేయి పెట్టినాడు. కాని 1739లో ప్రతాపసింగు అను గట్టివాడు గద్దె ఎక్కి 1763 వరకు ఏలినాడు. కప్పం కట్టినాడు, కొట్లాడినాడు, కోట విడువలేదు. పడమటి పక్కన తిరువాన్కూరులో మేనరికపు వారసత్వం. ఆడబిడ్డలు కొరవడితే కోలత్తునాడు నుంచి దత్తత తెచ్చుకొనుట ముందే ఏర్పడిన ఆచారం. 1729లో వచ్చిన మార్తాండవర్మ ఆ రాజ్యాన్ని ఎట్లు నిలబెట్టినాడో అందరికీ తెలిసినదే. దత్తత అక్కడ ఏర్పాటు; మధురలో తగవు.

కొడుకులు ఎక్కువైతే మేలా? అదీ చెప్పలేము. 1614లో వేంకటపతిరాయలు పోయినప్పుడు అన్నకొడుకు శ్రీరంగరాయలు పట్టానికి వచ్చినాడు. రాణి బిడ్డ అని మరొకని చూపి గొబ్బూరి జగ్గరాయడు ఎదురు తిరిగి, శ్రీరంగరాయలను ఇంటిల్లిపాదితో చంపించినాడు. వెలుగోటి యాచమ నాయకుడు ఒక చాకలి సాయంతో రామదేవుడను పిల్లవానిని మాత్రం కోట నుంచి తప్పించినాడు. ఆ ఒక్క పిల్లవాని కోసం 1616 చివర కావేరి ఒడ్డున తోపూరులో దక్షిణదేశపు తెలుగు దొరలందరూ ఒకరి నొకరు నరుకుకొన్నారు. మధుర ముత్తువీరప్ప ఒక పక్షం, తంజావూరు రఘునాథుడు మరొక పక్షం. పిల్లవాడు గెలిచినాడు, 1630లో వారసుడు లేకుండానే పోయినాడు. అంత రక్తం పోసి నిలిపిన దీపం పదునాలుగేండ్లు వెలిగినది.

కనుక నా తీర్పు ఇది. వంశం పోవుట వేరు, గద్దె పోవుట వేరు. తంజావూరులో నాయక వంశం 1673లో పోయినా గద్దె నిలిచినది. అందులో కూర్చున్న మహారాష్ట్రులు తెలుగును విడువలేదు. ఏకోజీ కొడుకు షాహజీ పల్లకిసేవాప్రబంధం తెలుగులోనే వ్రాసినాడు. సరస్వతీ మహలులో తెలుగు తాళపత్రాలు భద్రంగా ఉన్నవి. త్యాగయ్య ఆ రాజ్యపు తిరువయ్యారులో పాడినాడు. 1855లో ఆ వంశం కూడ మగబిడ్డ లేక కంపెనీ చేత కొట్టివేయబడినది గాని, అప్పటికి పని జరిగిపోయినది. మధురలో వంశమూ గద్దే ఒకేసారి పోయినవి. విజయరంగుని కొడుకుతో మనకు దక్కేది బహుశః ఇదే: ఇంకొక సరస్వతీ మహలు, ఇంకొక రెండు తరాల వచన కావ్యాలు.

రాజకీయంగా లాభం ఎక్కువ ఉండేదనుకొనను, ఒక్క విషయంలో తప్ప. పాళెగాండ్రకు మధుర నాయకుడు పరిచయమున్న పెద్ద దిక్కు. 1736 తరువాత కప్పానికి ఎవరు వచ్చుదురో తెలియని కాలం వచ్చినది. నవాబు, మహారాష్ట్రులు, నిజాము, 1755లో కంపెనీ తుపాకులతో మాఫూజుఖాను, పిమ్మట యూసుఫుఖాను. 1792 ఒడంబడికతో పాళెగాండ్ర పేష్కషు వసూలు కంపెనీకే పోయినది. ఎట్టయాపురం, పాంచాలంకురిచ్చి ఇరుగుపొరుగు తెలుగు పాళెములు. పొలిమేర తగవులు పాతవే. నాయకుల కాలంలో అట్టి తగవును మధుర దర్బారులో తీర్చేవారు. ఇప్పుడు తీర్చేవాడు కలెక్టరు. కట్టబొమ్మన్న కంపెనీకి ఎదురు తిరిగినాడు, ఎట్టప్ప నాయకుడు కంపెనీ పక్షం నిలిచినాడు. పుదుక్కోట తొండమానుడు పట్టి అప్పగించగా, 1799 అక్టోబరు 16న కయత్తారులో తోటి పాళెగాండ్ర కండ్లముందు కట్టబొమ్మన్నను చింతచెట్టుకు ఉరితీసినారు. 1801లో తమ్ముడు ఊమైదురై కూడ ఉరి ఎక్కినాడు. కోట నేలమట్టమైనది; 1974లో తమిళనాడు ప్రభుత్వం స్మారకంగా మరల కట్టించువరకు అక్కడ దిబ్బలే. పాంచాలంకురిచ్చి భూములలో కొంత ఎట్టయాపురానికి చేరినది.

అప్పటి నుంచి ఎట్టప్ప అను పేరు తమిళనాట తిట్టుగా మారినది. బాధ కలుగునదే గాని, కథ అక్కడ ఆగలేదు. జమీందారీగా మిగిలిన ఆ చిన్న సంస్థానమే మధుర దర్బారు చేయవలసిన పనిలో కొంత చేసినది. ముత్తుస్వామి దీక్షితులు 1835లో అక్కడే కన్నుమూసినారు. 1882లో సుబ్రహ్మణ్య భారతి అక్కడే పుట్టినాడు. సుబ్బరామ దీక్షితులు జీవితమంతా కూడబెట్టిన కృతులను స్వరాలతో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’గా కూర్చగా, ఎట్టయాపురం ప్రభువు అచ్చు ఖర్చు భరించినాడు. 1904లో ఎట్టయాపురంలోని విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో ఆ రెండు పెద్ద సంపుటాలు వెలువడినవి. కోవిల్‌పట్టి నుంచి బండి కట్టుకొని పోతే పూటలో చేరే ఊరు. చుట్టూ తమిళ సీమ, పైన ఇంగ్లీషు దొరతనం. పుస్తకం మాత్రం తెలుగు అక్షరాలలో.